చెల్లని కోడ్‌కు కట్టిన డబ్బు ఎవరికి చెందాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

తిరుపతి బైరాగిపట్టెడలో పదిహేనేళ్లుగా నేను ఇంటర్నెట్ కేంద్రం నడుపుతున్నాను. దర్శనం టిక్కెట్ల బుకింగు, పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, జిరాక్సు మా రోజువారీ పని. నాలుగైదేళ్లుగా దీనికి మరొకటి తోడైంది. ఆన్‌లైన్ వీడియో గేమ్ స్టోర్ల డిజిటల్ గిఫ్ట్ కార్డులు కొన్నవారు, లేదా ఎవరో బహుమతిగా పంపితే అందుకున్నవారు, కార్డు విలువను జమ చేసుకోవడానికి కొట్టవలసిన కోడ్ తమ స్టోరు ఖాతాలో ఎక్కడం లేదంటూ మా దగ్గరికి వస్తున్నారు. వారిలో ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు. సొంత బ్యాంకు ఖాతా లేనివారు, ఉన్నా కార్డు నంబరు గేమ్ స్టోరులో ఇవ్వడానికి ఇంట్లో ఒప్పుకోనివారు ఈ గిఫ్ట్ కార్డుల మీదే ఆధారపడుతున్నారు. అయిదు వందలో వెయ్యో నగదు ఇచ్చి, తెలిసినవారి ఫోన్‌లోని యూపీఐ యాప్ ద్వారా కోడ్ తెప్పించుకుంటారు. అది ఎక్కితే సరే సరి, ఎక్కకపోతే ఆ డబ్బు కోసం ఎవరిని అడగాలో వారికి తెలియదు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నాకే చాలాసార్లు తెలియడం లేదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి సంవత్సరం జరిగిన ఒక విషయం చెబుతాను. చంద్రగిరి వైపు నుంచి ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మనవడిని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లవాడి పుట్టినరోజుకు అమెరికాలో ఉన్న మేనత్త ఒక ప్రముఖ గేమ్ స్టోరుకు చెందిన యాభై డాలర్ల గిఫ్ట్ కార్డు ఈమెయిల్‌లో పంపింది. మన డబ్బులో అది నాలుగు వేలకు పైమాటే. పిల్లవాడు ఇంట్లో మూడు రోజులు ప్రయత్నించి విసిగిపోయాడు. నేను కూడా ఒక్కొక్క అక్షరం సరిచూసి, సున్నాకూ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా గమనించి మరీ కొట్టి చూశాను. ఆ కోడ్ వేరే దేశానికి చెందినదన్న సందేశమే మళ్లీ మళ్లీ వచ్చింది. “ఏం నాయనా, కోడ్ తప్పా?” అని పెద్దాయన అడిగారు. “తప్పు కాదు పెద్దాయనా, కోడ్ సరైనదే. మన దేశపు ఖాతాలో చెల్లదంట” అన్నాను. “చెల్లని దుడ్డు ఎట్లా అమ్మినారు?” అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు. స్టోరు సహాయ కేంద్రానికి రాస్తే, కోడ్ అమ్మినవారిని అడగమన్నారు. అమెరికాలో మేనత్త అమ్మినవారిని అడిగితే, డిజిటల్ కోడ్ ఒకసారి పంపాక వెనక్కి తీసుకోవడం తమ నిబంధనల్లో లేదన్నారు.

ఈ చిక్కు ఎందుకు వస్తుందో చాలామంది కొనుగోలుదారులకు తెలియదు. గేమ్ స్టోర్లు ఒక్కో దేశానికి ఒక్కో ధర పెడతాయి. ధర తక్కువగా ఉన్న దేశపు కార్డు కొని మరొక దేశంలో వాడుకోకుండా కోడ్‌ను దేశానికి ముడిపెడతాయి. గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్ ఏ దేశానికి జారీ చేశారో ఆ దేశపు ఖాతాలోనే చెల్లుతుంది. ప్లేస్టేషన్ ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చుకునే వీలే లేదు, ఆ ఖాతాలో డబ్బు నింపే వాలెట్ కోడ్ కూడా ఆ దేశానిదే కావాలి. అందుకని కొందరు పిల్లలు అమెరికా చిరునామాతో కొత్త ఖాతా తెరిచి అందులో కోడ్ ఎక్కించుకుంటారు. అప్పటికి పని జరిగినట్టే కనిపిస్తుంది. అయితే కొన్న ఆట ఆ కొత్త ఖాతాకే చెందుతుంది, పాత ఖాతాలో ఏళ్ల తరబడి ఆడి సంపాదించుకున్నది పాత ఖాతాలోనే ఉండిపోతుంది. పైగా తప్పుడు చిరునామాతో ఖాతా తెరవడం స్టోరు నిబంధనలకు విరుద్ధం కనుక ఎప్పుడైనా ఆ ఖాతా మూతపడే ప్రమాదం ఉంటుంది. నా దగ్గరికి వచ్చినవారికి ఆ దారి నేను చూపించను. ఇక్కడ గమనించవలసిన మాట ఇంకొకటి ఉంది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ స్టోరులో వేరే కరెన్సీ గిఫ్ట్ కార్డును చాలావరకు ఆ రోజు మారకపు రేటు ప్రకారం ఖాతాదారు కరెన్సీలోకి మార్చి జమ చేస్తారు. ఒకరికి సాధ్యమైన పని మిగిలినవారికి అసాధ్యమని నేను నమ్మలేను.

దేశం సరిపోయినా ఖాతా సరిపోక పోగొట్టుకునేవారు ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో ఒకే ఫోన్‌లో నాన్నది ఒకటి, అన్నది ఒకటి, పిల్లవాడిది ఒకటి, ఇలా రెండు మూడు జీమెయిల్ ఖాతాలు ఉండటం మామూలే. పిల్లవాడు తన ఆటలో డైమండ్లు కొనుక్కుందామని ప్లే స్టోర్ తెరిచి, రీడీమ్ కోడ్ అన్నచోట కోడ్ కొట్టేస్తాడు. ఆ క్షణాన తెరిచి ఉన్నది నాన్న ఖాతా అయితే డబ్బు అందులోనే జమ అవుతుంది. ఒక ఖాతాలో చేరిన ప్లే బ్యాలెన్స్‌ను మరొక ఖాతాకు మార్చే సదుపాయం లేదు. కోడ్ కొట్టే ముందు పైన కుడివైపున కనిపించే గుండ్రటి బొమ్మను నొక్కి, అది ఎవరి ఖాతానో ఒక్కసారి చూసుకుంటే చాలు, ఈ నష్టం ఉండదు. మా కేంద్రంలో నేను ముందు అది చూపించాకే కోడ్ కొట్టనిస్తాను. స్టోరు కూడా అదే పని చేయవచ్చు కదా? “ఈ సొమ్ము ఫలానా ఖాతాలో చేరుతుంది, తర్వాత మార్చడం కుదరదు” అని పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఖరారు చేసే ముందు చూపించడానికి వారికి పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం సంగతికి వస్తే, నేను న్యాయవాదిని కాను గాని, పెద్దాయన అడిగిన ప్రశ్న నన్ను వదలక, చదవగలిగినంత చదివాను. 2021 ఆగస్టు 27న రిజర్వ్ బ్యాంకు ప్రీపెయిడ్ సాధనాలపై, అంటే ముందే డబ్బు నింపి వాడుకునే కార్డులు, వాలెట్ల వంటి వాటిపై, మార్గదర్శకాలు జారీ చేసింది. బ్యాంకులు, అనుమతి పొందిన ఇతర సంస్థలు ఇచ్చే గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదని, ప్రీపెయిడ్ సాధనం ఏదైనా కనీసం ఏడాదిపాటు చెల్లాలని, గడువు ముగియబోయే 45 రోజుల్లో కార్డుదారును తగిన వ్యవధుల్లో హెచ్చరిస్తూ ఉండాలని అందులో ఉంది. చదవగానే సంతోషించాను. అయితే ఒక సంస్థ తన దగ్గర మాత్రమే సరుకు కొనుక్కోవడానికి జారీ చేసే కార్డులు చెల్లింపుల వ్యవస్థ కిందికి రావని, వాటికి రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. గేమ్ స్టోరు తన దగ్గరే చెల్లేలా ఇచ్చే కార్డు స్వభావం సరిగ్గా ఇదే. అంటే, బ్యాంకు ఇచ్చే గిఫ్ట్ కార్డు మీద ఉన్న కన్ను ఈ కార్డు మీద లేదు. పిల్లల చేతుల్లో ఎక్కువగా తిరిగేది మాత్రం ఈ కార్డే.

ఇక మిగిలింది వినియోగదారుల చట్టం. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. విదేశీ సంస్థ అయినా మన దేశంలోని వినియోగదారులకు క్రమం తప్పకుండా అమ్ముతూ ఉంటే ఈ నియమాలు వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. 2019 చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అయిదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. కానీ అయిదు వందల రూపాయల కార్డు కోసం కమిషన్ మెట్లు ఎక్కే తండ్రి ఎవరు? ఒక్కొక్కరిది చిన్న మొత్తం కావడం వల్లనే ఈ నష్టం ఎవరికీ కనబడకుండా పోతోంది. పెద్దాయన మనవడి విషయంలో అయితే కొన్నది అమెరికాలో, వాడవలసింది ఇక్కడ. మన చట్టం అంత దూరం చేయి చాచడం కష్టం.

కోడ్ ఎక్కనివారి నిస్సహాయతే మోసగాళ్లకు పెట్టుబడి అవుతోంది. మా దగ్గరికి వచ్చే ఒక డిగ్రీ విద్యార్థి తన దగ్గరున్న విదేశీ కోడ్‌ను మన రూపాయల కోడ్‌గా మార్చి ఇస్తామని టెలిగ్రామ్‌లో ఎవరో అంటే నమ్మి, కోడ్ ఫొటో పంపించాడు. అయిదు నిమిషాల్లో అది మరెవరి ఖాతాలోనో ఎక్కిపోయింది. గీకి చూపిన కోడ్ నోటు లాంటిది, ఎవరు ముందు కొడితే వారిదే. ఉచితంగా రీడీమ్ కోడ్‌లు ఇస్తామనే వీడియోలను, పై అధికారి ఫొటో పెట్టుకుని “అర్జెంటుగా నాలుగు గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు” అని వచ్చే వాట్సాప్ సందేశాలను కూడా ఈ కోవలోనే చూడాలి. ఇలా మోసపోయినవారు సిగ్గుపడి దాచకుండా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

అసలు పిల్లలు ఆటల మీద డబ్బు తగలేయడమే తప్పు, పోతే పోనీ అనేవారు ఉన్నారు. మా కేంద్రంలోనే ఆ మాట చాలామంది పెద్దలు అన్నారు. వారి ఆవేదన నాకు అర్థమవుతుంది, నాకూ ఇద్దరు పిల్లలున్నారు. అయితే 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం కాసే ఆటలను నిషేధించిందే గాని, కొనుక్కుని ఆడుకునే ఆటలను నిషేధించలేదు. చట్టబద్ధంగా అమ్ముతున్న వస్తువును డబ్బు పెట్టి కొన్నప్పుడు, అది చీర అయినా, సినిమా టిక్కెట్టు అయినా, ఆట అయినా కొన్నవారి హక్కు ఒక్కటే. పిల్లవాడు ఎంతసేపు ఆడాలన్నది ఇంట్లో తేల్చుకోవలసిన విషయం.

నేను కోరేది పెద్ద పెద్ద సంస్కరణలు కాదు. కార్డు అమ్మే యాప్ గాని, వెబ్‌సైటు గాని, దుకాణం గాని డబ్బు తీసుకోక ముందే ఆ కోడ్ ఏ దేశపు ఖాతాలో చెల్లుతుందో, ఎప్పటిలోగా వాడుకోవాలో, వెనక్కి తీసుకుంటారో లేదో కొనేవారి భాషలో చెప్పాలి. ఇప్పుడు ఇవన్నీ కిందెక్కడో షరతుల లింకులో ఉంటున్నాయి. అంతకంటే ముఖ్యంగా, ఇంకా వాడని కోడ్‌ను నిర్ణీత గడువులోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి, లేదా సరైన దేశపు కోడ్‌గా మార్చి ఇవ్వాలి. వాడారో లేదో తెలియదని వారు చెప్పే వీలు లేదు. ఒకసారి వాడిన కోడ్‌ను మళ్లీ కొడితే, ఇది ఇదివరకే వాడేశారని ఆ స్టోరే క్షణంలో చెబుతుంది. అంటే ప్రతి కోడ్ లెక్కా వారి దగ్గర ఉంది. వాడని కోడ్‌ను రద్దు చేసి సొమ్ము తిరిగి ఇస్తే వారికి పోయేది ఏమీ లేదు. ఇవ్వకపోతే మాత్రం సరుకు ఇవ్వకుండానే ధర మిగుల్చుకున్నట్టు అవుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ ఒక్క విషయాన్నయినా ఈ-కామర్స్ నియమాల్లో చేర్చాలని, తన సొంత స్టోరులోనే చెల్లే కార్డులకు కూడా ఏడాది చెల్లుబాటు నియమాన్ని వర్తింపజేసే విషయాన్ని రిజర్వ్ బ్యాంకు పరిశీలించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. మన జిల్లాలోని కళాశాలలు సైబర్ భద్రత మీద తరగతులు పెట్టినప్పుడు ఓటీపీతో పాటు ఈ కోడ్‌ల గురించి కూడా పది నిమిషాలు చెప్పాలని కోరుతున్నాను.

పెద్దాయన ఇప్పటికీ నెలకొకసారి కరెంటు బిల్లు కట్టడానికి మా కేంద్రానికి వస్తారు. వచ్చినప్పుడల్లా మనవడి కార్డు ఏమైందని అడుగుతారు. ఆ కోడ్ కాగితం నా సొరుగులో భద్రంగా ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలుసో, అమ్మినవారికీ అంత బాగా తెలుసు.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ కేంద్రం నిర్వాహకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.