నత్తిని లెక్కపెట్టేది ఎవరు?

గౌరవనీయులైన సంపాదకులకు,

పది రోజుల కిందట మీ ఆరోగ్య పుటలో నత్తి మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచీ మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలను మళ్లీ మళ్లీ పలకడమే నత్తి అనీ, సాధన చేస్తే పూర్తిగా పోతుందనీ అందులో తేల్చేశారు. గొంతు బిగుసుకుని శబ్దమే బయటికి రాని క్షణం గురించి గానీ, తడబడతామన్న భయంతో అనుకున్న మాట మానేసి మరో మాట అనడం గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు.

నిర్వచనం ఎలా ఉంటే చికిత్సా అలాగే ఉంటుంది. నత్తికి 1964లో వాక్ చికిత్సా నిపుణుడు వింగేట్ ఇచ్చిన నిర్వచనం ప్రధానంగా పైకి వినబడే, కనబడే ఆటంకాలను పట్టుకుంది. మాట మీద పట్టు తప్పుతున్నదని తెలిసేది మాట్లాడేవారికే కనుక వినేవారి తీర్పు చాలదని 1990లో అదే రంగానికి చెందిన పెర్కిన్స్ వాదించాడు. మొదటిదే ప్రమాణమనుకున్న థెరపిస్టు తడబాట్లు లెక్కిస్తారు; రెండోదాన్ని పట్టించుకున్నవారు, ఈ వారం ఏ మాట అనకుండా తప్పించుకున్నావని అడుగుతారు.

పదిహేనేళ్ల వయసులో నన్ను చూసిన థెరపిస్టు, నేను ఆగిన ప్రతిసారీ కాగితం మీద గీత గీసేవారు. గీతలు తగ్గించాలని నేను కష్టమైన మాటకు బదులు మాట వెతుక్కోవడం నేర్చుకున్నాను. ఆరు నెలలకు నయమైందన్నారు. సొంత పేరుకు మాత్రం బదులు మాట ఉండదు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు, ఎవరైనా పేరడిగితే చీటీ మీద రాసి ఇచ్చాను. మనస్తత్వ శాస్త్రవేత్త షీహన్ నత్తిని నీటిలోని మంచుకొండతో పోల్చాడు: వినబడే తడబాటు పైన తేలే కొద్దిభాగం, భయమూ సిగ్గూ అడుగున ఉండే పెద్దభాగం. నాలో పైది కరిగినట్టు కనిపించింది, అడుగున ఉన్నది పెరిగింది.

ధారాళంగా మాట్లాడే సాధన వ్యర్థమని నేననడం లేదు. బడి వయసు రాని పిల్లలకు, తల్లిదండ్రుల చేత ఇంట్లో చేయించే లిడ్‌కోంబ్ పద్ధతి మేలు చేస్తుంది. ఆ వయసులో మొదలైన నత్తి చాలామందిలో దానంతటదే పోతుంది కూడా. పెద్దవారి సంగతి వేరు. తడబాటును దాచకుండా, బిగువు సడలించి తేలికగా తడబడడం వాక్ చికిత్సకుడు వాన్ రైపర్ నేర్పాడు. పెద్దవారికి నత్తి పూర్తిగా పోతుందని హామీ ఇవ్వడం మోసం.

అధికారుల తీరూ ఇంతే. నోటి పరీక్షలో కాస్త సమయం అడిగితే వైద్యుల ధ్రువపత్రం తెమ్మంటారు. అక్కడ మళ్లీ ఎన్నిసార్లు ఆగారన్న లెక్కే. ఆ పూట మాటలు మార్చుకుని నెట్టుకొచ్చినవారు లోపమేమీ లేదన్న కాగితంతో తిరిగివస్తారు.

ఆ వ్యాసానికి సవరణ ప్రచురించండి. దాన్ని రాసేముందు నత్తి ఉన్నవారిని ఒక్కరినైనా కూర్చోబెట్టి, వారి వాక్యం మీరు పూర్తిచేయకుండా చివరిదాకా వినండి.

ఇట్లు,
మీ పాఠకుడు