సాక్ష్యానికి ముందు యాజకునికి చూపించుకోవాలి

సంపాదకులకు వందనాలు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు పంట ఇళ్లకు చేరాక స్వస్థత కూటాలు మొదలవుతాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో అవి మరీ ఎక్కువ. తెలుగు, ఒడియా, సవర భాషల్లో పాటా ప్రార్థనా సాగే ఈ కూటాల్లో దేవుడు రోగిని ముట్టుతాడని నమ్మేవాళ్లమే మేమూ. సంఘ పెద్దలం కొందరం, ఆరోగ్య సేవకులం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. బాగయ్యానని సాక్ష్యం చెప్పడానికి ప్రార్థన జరిగిన రాత్రే రోగి చేతికి మైకు ఇవ్వకండి. పరీక్ష చేయించుకుని వచ్చాక ఇవ్వండి.

ఇది డాక్టర్లు పెట్టిన షరతు కాదు, సువార్తలో ఉన్న మాటే. మార్కు 1వ అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాక, ఎవరికీ ఏమీ చెప్పవద్దని, ముందు వెళ్లి యాజకునికి చూపించుకోమని ఖండితంగా చెప్పి పంపాడు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులకూ యాజకులకు చూపించుకోమనే చెప్పాడు. ఆ యాజకుడు ఏం చేసేవాడో లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో వివరంగా ఉంది. మచ్చ చర్మం కన్నా లోతుగా ఉందా, అందులో వెంట్రుకలు తెల్లబడ్డాయా అని చూసేవాడు. తేలకపోతే 7 రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూసేవాడు, అప్పటికీ తేలకపోతే మరో 7 రోజులు. బాగైనవాణ్ణి చూడటానికి యాజకుడే పాళెం బయటికి వెళ్లాలి. శుద్ధుడని ప్రకటించాక కూడా అతను 7 రోజులు తన గుడారం బయటే ఉండి, 8వ రోజున అర్పణ తేవాలి. (ఆ గ్రంథం బట్టకు, ఇంటి గోడకు పట్టినదాన్ని కూడా కుష్ఠు అనే అంటుంది. కాబట్టి అక్కడ చెప్పింది ఇప్పటి కుష్ఠువ్యాధి ఒక్కటే అనుకోనక్కర్లేదు.) ఇంత జాగ్రత్తగా చూసేచోటికి యేసు రోగిని పంపాడు. మనం పంపడానికి అడ్డేమిటి?

తొందరపడి చెప్పిన సాక్ష్యం అబద్ధమని మేం అనడం లేదు. ఆ రాత్రి వాళ్లకు నిజంగానే తేలికపడింది. కానీ ఒక్కో రోగానికి ఒక్కో నడక ఉంటుంది, మోసపోయేది అక్కడే. మలేరియానే చూడండి. ముందు వణుకు, తర్వాత కాలిపోయే జ్వరం, ఆ తర్వాత చెమట. చెమట పట్టిందంటే ఒళ్లు తేలికవుతుంది. సాయంత్రం దుప్పటి కప్పుకుని వచ్చిన మనిషి రాత్రి పదింటికి చప్పట్లు కొట్టి పాడగలడు. వైవాక్స్ రకమైతే సుమారు 48 గంటలకు జ్వరం మళ్లీ వస్తుంది. అప్పటికి పందిరి విప్పేసి ఉంటారు. మా అడవి పల్లెల్లో కనిపించే ఫాల్సిపరం రకం ఇంకా ప్రమాదం. ఆ మధ్య వ్యవధిలోనే అది మెదడుకు ఎక్కవచ్చు. పసిపిల్లలకు, గర్భిణులకు ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

కాబట్టి జ్వరంతో వచ్చినవాళ్లకు ముందు వేలిమీద సూది గుచ్చి కిట్‌తో చూడాలి. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, అరగంట కూడా పట్టదు. ఫాల్సిపరానికి 3 రోజుల ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మందులు) మాత్రలతో పాటు ఒక మోతాదు ప్రైమాక్విన్ ఇస్తారు. వైవాక్స్‌కు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వరు. నాలుగో రోజుకు బాగానే ఉంది కదా అని ప్రైమాక్విన్ ఆపేస్తే కాలేయంలో దాగిన క్రిములు కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తాయి. బాగైందో లేదో చూడటానికి మాత్రం రెండోసారి కిట్ వాడకండి. క్రిములు చచ్చాక కూడా కొన్ని వారాలు కిట్‌లో గీత కనబడవచ్చు. రక్తం స్లైడు మీద చూపించాలి.

టీబీలో ఈ మోసం ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. మామూలు టీబీకి 6 నెలల మందు, మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. రెండు మూడు వారాలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే మనిషి కూటానికి వస్తాడు, బాగయ్యానంటాడు, మిగతా మాత్రలు అటక మీద పడేస్తాడు. మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారి, తిరగబెట్టిన జబ్బు ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి ఆపేసేవాళ్లూ ఉన్నారు. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, రక్తం కాదు. ప్రార్థన కోసం పాతపట్నం, శ్రీకాకుళం వైపు వెళ్లి ఉండేవాళ్లు మాత్రల పొట్లం వెంట తీసుకెళ్లాలి. ఎక్కువ రోజులు ఉండాల్సివస్తే నిక్షయ్ నంబరు (టీబీ రోగిగా నమోదు చేసినప్పుడు ఇచ్చేది) చెప్పి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి మార్పించుకోవచ్చు, రాష్ట్రం మారినా ఆ నంబరు పనిచేస్తుంది. మందు నడిచే నెలల్లో తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. ఇది తెలియని సంఘాలు చాలా ఉన్నాయి.

హెచ్ఐవీ విషయంలో ఒక మాట తప్పుగా అర్థమవుతోంది. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడు పరీక్షలో వైరస్ కనబడలేదని రాస్తే, మందు చక్కగా పనిచేస్తోందని దాని అర్థం. దాన్ని స్వస్థతగా ప్రకటించి మందు మానిపిస్తే చాలామందిలో వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్‌లో నొప్పులు కొద్ది రోజులకో వారానికో వాటంతటవే తగ్గుతాయి, రక్తంలో జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. కుష్ఠు మందు 6 లేదా 12 నెలలు పూర్తిచేసి పూర్తిగా బాగైనవాళ్లకు కూడా మచ్చ మీద స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అలాంటివాళ్లను ఇంకా రోగి అనడం అన్యాయం. మందు మధ్యలో మచ్చలు ఎర్రగా ఉబ్బినా, మోచేతి దగ్గర నరం లాగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చెయ్యి వంకర తిరుగుతుంది.

ఉపవాస ప్రార్థన గురించి కూడా చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే మధ్యాహ్నానికి వణుకు, చల్లని చెమట, పొంతనలేని మాటలు మొదలవుతాయి. దాన్ని ఆత్మ ఆవేశమనో, దయ్యం పట్టిందనో అనుకుని చుట్టూ చేరి గట్టిగా ప్రార్థిస్తుంటే మనిషి స్పృహ తప్పుతాడు. తెలివి ఉండగానే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు. ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు ఉపవాసం పేరుతో సూది మానిపించడం ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం.

మూర్ఛ వచ్చిన పిల్లవాడి గురించి మార్కు 9లో తండ్రి, వాడు నిప్పులోనూ నీళ్లలోనూ పడుతుంటాడని చెబుతాడు. నేటికీ ఫిట్స్ ఉన్నవాళ్లకు పొయ్యి, చెరువు, బావి గట్టే గండం. పడిపోయినవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఛాతీ మీద కూర్చోవద్దు, చేతిలో ఇనుము పెట్టవద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

నూనె రాసే ఆజ్ఞ యాకోబు 5:14లో ఉంది. అక్కడ వేదిక లేదు, వరుస లేదు. మంచం మీదున్న రోగి కబురు పెడితే సంఘ పెద్దలే ఆ ఇంటికి వెళ్తారు. ఇంటికి వెళ్తే ప్రార్థనతో పాటు మంచం పక్కన ఉన్న మాత్రలు కూడా కంటబడతాయి. ఏ మందు, ఎప్పటిదాకా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అని అడగండి. చీటీ ఒడియాలో ఉండి మనకు చదవడం రాకపోతే చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి. నూనె నుదుట ఒక్క చుక్క చాలు. పుండు మీద పోయకండి, పసిపిల్లల ముక్కులో అసలే వేయకండి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

బాగుపడనివాళ్లతో నీకు విశ్వాసం లేదని అనడం మమ్మల్ని అన్నిటికన్నా బాధపెడుతోంది. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు పడివున్న మనిషికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు (యోహాను 5:13). పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచివచ్చాడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ? రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో క్రైస్తవ ఆసుపత్రి ప్రారంభించిన డెన్మార్క్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్, గజపతి జిల్లా సెరంగోలో ఆసుపత్రి నడిపిన కెనడా బాప్టిస్టులు ప్రార్థించడం తెలియనివాళ్లు కారు.

ఇక సీసాల్లో నూనె అమ్మడం. కుష్ఠు బాగైన నయమాను ఇస్తానన్న కానుక ప్రవక్త ఎలీషా ముట్టలేదు, వెనకనుంచి వెళ్లి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి కుష్ఠు పట్టింది. కేన్సరు, షుగరు, ఫిట్స్, టీబీ లాంటి 54 జబ్బులకు మహిమ గల మందు అని ప్రకటించడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. పోస్టరు అచ్చు వేయించేముందు ఆ జబ్బుల పేర్లు తీసేయించండి.

కూటం పెట్టేవాళ్లు మైకుకు పదడుగుల దూరంలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. అక్కడ ఆశా దీదీని కూర్చోబెట్టండి. బల్ల మీద మలేరియా కిట్లు, అరకేజీ పంచదార, మంచినీళ్లు, పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఉండాలి. దగ్గేవాళ్లకు మాస్కు ఇచ్చి రేకుల షెడ్డులో తలుపు పక్కన, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. ప్రార్థనకు ముందు అయ్యగారే మైకులో, మూడు భాషల్లోనూ, ఎవరూ మందు ఆపవద్దని చెప్పాలి. సాక్ష్యం చెబుతామన్నవాళ్ల పేరు ఆ పుస్తకంలో రాసి, రిపోర్టు తెచ్చిన ఆదివారం వాళ్ల సొంత సంఘంలో, సొంత ఊరివాళ్ల ముందు నిలబెట్టండి.

ఇట్లు
కొందరు సంఘ పెద్దలు, ఆరోగ్య సేవకులు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా