మాపో టోఫు మెనూలోంచి ఎందుకు తీసేశామంటే

కొంతకాలంగా మా దగ్గర భోంచేసినవాళ్ళలో చాలామంది వెళ్ళేముందు అడుగుతున్న ప్రశ్న ఒకటే: మాపో టోఫు ఏమైంది? మా వాళ్ళు "ప్రస్తుతానికి లేదండీ" అని ఊరుకుంటున్నారు. అలా చెప్పమన్నది నేనే. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి, ఏళ్ళుగా వస్తున్న మీకు నేనే వివరంగా చెప్పాలనుకున్నాను.

మాపో టోఫు అంటే మెత్తటి టోఫును (సోయాపాల పనీరు) ఘాటైన ఎర్రటి రసంలో వండే చైనా వంటకం. దానికి ప్రాణం దౌబాన్‌జియాంగ్, అంటే బ్రాడ్ బీన్స్, మిరపకాయలు ఊరబెట్టి చేసే ముద్ద. చైనాలోని సిచువాన్ ప్రావిన్సులో, చెంగ్డూ నగరం పక్కనే ఉన్న పీషియన్ దీనికి పేరున్న ఊరు. బ్రాడ్ బీన్స్ పొట్టు తీసి, గోధుమపిండి పట్టించి, బూజు పెరగనిచ్చి ఉప్పునీళ్ళలో ఊరబెడతారు. ఎర్ర మిరపకాయలు తరిగి, ఉప్పేసి విడిగా ఊరబెడతారు. తర్వాత రెండూ కలిపి పెద్ద మట్టిజాడీల్లో ఆరుబయట పెడతారు. ఎండకాసే రోజున మూత తీసి కలియతిప్పాలి, రాత్రి మంచుకు వదలాలి, వాన వస్తే మూత పెట్టాలి. ఏడాది గడిస్తే వాడుకోవచ్చు. మేం వాడేది మూడేళ్ళు ఊరింది. అన్నేళ్ళకు ఎరుపు పోయి ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది, తడి తగ్గుతుంది, వాసన లోతుగా మారుతుంది. రంగు కోసమైతే లేత ముద్ద చాలు. వాసన కోసం కాలం ఆగాల్సిందే.

మొదటినుంచీ ఒకే సప్లయర్ దగ్గర తీసుకుంటున్నాం. ఈసారి వచ్చిన డబ్బాల మీద కూడా మూడేళ్ళనే రాసుంది. మూత తీయగానే చెఫ్ నన్ను వంటింట్లోకి పిలిచాడు. ముద్ద ఎర్రగా మెరుస్తోంది, పైన నీరు తేలి ఉంది. సన్నమంట మీద నూనెలో వేస్తే చిటపటమని చిందింది. నూనె ఎర్రబడింది కానీ పచ్చిమిరప వాసన ఎంతకీ పోలేదు. ఇంకో డబ్బా తీశాం, అదీ అంతే. మొత్తం స్టాక్ అలాగే ఉంది.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే మొదట "ఈ సీజన్ సరుకే ఇంత" అన్నాడు. మూడేళ్ళు ఊరినదానికి ఈ సీజన్‌తో పనేమిటని అడిగితే మాట మార్చాడు. చివరికి, "మిగతా రెస్టారెంట్లన్నీ ఇదే వాడుతున్నాయి, ఎవరూ ఏమీ అనలేదు. మీ కస్టమర్లకు మాత్రం అంత తేడా తెలుస్తుందా?" అన్నాడు. బిల్లులో కొంత తగ్గిస్తానన్నాడు కూడా. సరుకు బాగోలేదని ఒప్పుకుని ఉంటే ఇంకోసారి చూద్దాం అనుకునేవాణ్ణి. కానీ మీ నాలుకను తక్కువ చేసి మాట్లాడాక అతనితో వ్యాపారం చేయబుద్ధి కాలేదు. డబ్బాలన్నీ వెనక్కి పంపేశాను. డబ్బు ఇంకా రావాలి. వచ్చినా రాకపోయినా అతని సరుకు మళ్ళీ మా వంటింటి గడప తొక్కదు.

నాకు నిద్ర పట్టనివ్వకుండా చేసింది మాత్రం ఇది కాదు. చెఫ్ ఒక దారి చూపించాడు: ఉన్నంతలో మంచి ముద్ద ఇంకెక్కడైనా కొని, ఊరబెట్టిన నల్ల సోయా గింజలు కాస్త ఎక్కువేసి, సిచువాన్‌లోని హాన్‌యువాన్ నుంచి వచ్చే, నాలుకను తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాల పొడి చివర్లో ఇంకొంచెం చల్లితే సరిపోతుందన్నాడు. చేసి పెట్టాడు కూడా. నిజం చెప్పాలంటే రుచిగానే ఉంది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. కొత్తగా వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు, ఫొటోల్లో తేడా కనబడదు, మెనూ చెక్కుచెదరదు. చెఫ్ వాదనలో తప్పేమీ లేదు, నా మంచి కోరే చెప్పాడు.

కానీ అందరూ కలిసి కూర్చుని ఒకే గిన్నెలోంచి వడ్డించుకునే మా ఉమ్మడి బల్ల మీద మాపో టోఫు గిన్నె చేసే పని వేరు. చల్లటి వంటకాలు వచ్చేటప్పుడు పక్కవాళ్ళెవరో తెలియక అందరూ మర్యాదగా కూర్చుని ఉంటారు. మాపో టోఫు సలసల కాగుతూ మధ్యలోకి వచ్చాక, మొదటి ముద్దకు నాలుక తిమ్మిరెక్కాక, ఎదురుగా ఉన్న కొత్త మనిషికి నీళ్ళగ్లాసు జరపడంతో మాటలు మొదలవుతాయి. చెంగ్డూలో ఈ వంటకం పుట్టిన హోటల్ 1862 నాటిదని చెబుతారు. పక్కనున్న వంతెన దాటే, నూనె మోసే కూలీలు అక్కడ ఆగి తినేవారట. అలసిపోయి వచ్చిన మనుషుల కోసం పుట్టిన వంటను ఘాటు పెంచి, లోపం కప్పిపెట్టి మీ ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే పూర్తిగా ఆపేశాం. అదే ముద్దతో చేసే చేప వంటకమూ ఆగింది, దాని బదులు అల్లం, ఉల్లికాడలతో ఆవిరి చేప వస్తుంది.

మాపో టోఫు స్థానంలో కాయ్‌ష్వే బాయ్‌చాయ్ పెట్టాం. ఇదీ సిచువాన్‌దే, కానీ కారం చుక్క కూడా ఉండదు. ముదురు కోడి, బాతు, హామ్ గంటల తరబడి మరిగించి, ఆ రసంలో మెత్తగా నూరిన కోడిమాంసం వేస్తే మడ్డి అంతా దానికి పట్టుకుని పైకి తేలుతుంది. తీసేశాక నీళ్ళలా తేటపడిన రసంలో క్యాబేజీ లేత మొవ్వు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది కాబట్టి కొందరు నిరాశపడ్డారు. ఒక్కసారి నిదానంగా తాగి చూడమని నా మనవి.

ఉమ్మడి బల్ల తీసేసి విడి ప్లేట్లలో వడ్డిస్తామని ఎవరో పుకారు పుట్టించారు. అది జరగదు. మధ్యలో తిరిగే పలక, ప్రతి గిన్నెకూ దానిదైన గరిటె ఉంటే కలిసి తినడం శుభ్రంగానే సాగుతుందని ప్లేగుతో పోరాడిన డాక్టర్ వు లియెన్-టె 1915లోనే రాశారు. మేం పాటిస్తున్నదీ అదే. గరిటెల విషయంలో అనుమానం ఉంటే అక్కడికక్కడే అడగండి, మార్చి ఇస్తాం.

వేరే సప్లయర్ల శాంపిళ్ళు వస్తున్నాయి. ఒకటి ఆశ కలిగించింది, కానీ ఇంకో రెండు డబ్బాలు వేర్వేరు జాడీల నుంచి తెప్పించి చూసేదాకా మాట ఇవ్వను. మీరు తొందరపెట్టినా ఇవ్వను. అప్పటిదాకా భోజనం ధర కొంత తగ్గించాం, కొత్త బుకింగులన్నిటికీ అదే వర్తిస్తుంది. పాత ధరకు ముందే కట్టినవాళ్ళకు తేడా బిల్లులో సర్దుతాం. ఆ ఒక్క వంటకం కోసమే బుక్ చేసుకున్నవాళ్ళు ఫోన్ చేయండి, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం. పెద్ద బల్ల పూర్తిగా తీసుకున్నవాళ్ళకు మేమే ఫోన్ చేస్తున్నాం.