మరమ్మతు చేసేవాళ్లకు తిరుపతిలో ఒక చోటు చూపించండి

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను కొర్లగుంటలో ఉండే గృహిణిని. మిక్సీలు, కుక్కర్లు, గొడుగులు, చెప్పులు, బ్యాగుల జిప్పులు బాగుచేసి బతికేవాళ్లకు మన ఊళ్లో నిలకడగా కూర్చునే చోటు చూపించమని అడగడానికే ఈ ఉత్తరం. వాళ్ల మీద జాలితో అడగడం లేదు. తక్కువ ఖర్చుతో, తక్కువ చెత్తతో బతకాలనుకునే మాలాంటి ఇళ్లకు వాళ్లు లేకపోతే జరగదు.

మా ఇంట్లో ఐదుగురం, ఒక జీతం. మా ఆయన పాత ప్యాంట్లు సంచులవుతాయి, చిరిగిన చీరలను మా అత్త బొంతలు కుడుతుంది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోతాయి. రాత్రి మిగిలిన సంగటిలో నీళ్లు పోసి పెడితే పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డతో అందరికీ సరిపోతుంది. కూరగాయల తొక్కులు మేడమీద కుండలో ఎరువు అవుతాయి కాబట్టి మా తడి చెత్తను తూకివాకంలోని చెత్త కేంద్రం దాకా మోసే పని మీ బండికి ఉండదు. ఇదంతా అత్త దగ్గర నేర్చుకున్నదే. బావులు ఎండిపోయిన కరువు సంవత్సరాల్లో పల్లెలో కాపురం చేసిన మనిషి ఆమె, చెంబెడు నీళ్లు కూడా ఊరికే పారబొయ్యదు.

ఇవన్నీ ఇంట్లో మా చేతుల్లో ఉన్న పనులు. వస్తువు చెడిపోతే మాత్రం మా చేతుల్లో ఏమీ లేదు.

మొన్న మా మిక్సీ తిరగడం ఆగిపోయింది. మోటారు శబ్దం వస్తోంది, జార్‌లో బ్లేడు కదలదు. కొన్న షాపుకు తీసుకుపోతే, "ఇది బాగుచేసేదానికి కాదు మేడమ్, మోడల్ పాతది, కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంటికొచ్చే దారిలో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చున్న రిపేరు పెద్దాయనకు చూపించాను. ఆయన జార్ ఎత్తి, మోటారు మీద ఉండి జార్ బ్లేడును తిప్పే కప్లర్‌ను వేలితో తిప్పాడు. నల్లగా, అంచులన్నీ అరిగి గుండ్రమైపోయింది. "మోటారుకేమీ కాలేదమ్మా. బరువు ఎక్కువైతే ముందు ఇదే అరిగిపోవాల, మోటారును కాపాడేది ఇదే" అని డబ్బాలోంచి ఇంకోటి తీసి బిగించాడు. స్విచ్ వేసి చూపించి, గిన్నెలో చెయ్యి కడుక్కుని, 50 రూపాయలు అడిగాడు. కొత్త మిక్సీ అంటే మాకు నెల సరుకుల డబ్బు. పాతదాన్ని పారేసి ఉంటే అందులోని రాగి, ఇనుము, ప్లాస్టిక్ అన్నీ కలిసి చెత్తబండి ఎక్కేవి.

పండగకు ముందు కుక్కర్ తీసుకుని వెళితే ఆయన అక్కడ లేడు. పక్కన టీ కొట్టు అతన్ని అడిగితే లేపేశారని చెప్పాడు. ట్రాఫిక్ ఎక్కువైతే లేవాలి, వీఐపీలెవరైనా దర్శనానికి వస్తున్నారంటే లేవాలి. మళ్లీ ఎక్కడ కూర్చున్నాడో వెతుక్కోలేక మా వీధిలో ఎంతమంది కొత్త కుక్కర్ కొనుక్కున్నారో. పొదుపు చేసుకోమని జనానికి చెప్పడం తేలికే. పొదుపుకు సాయపడే మనిషి రోజుకో చోట ఉంటే ఎలా చేసుకోవాలి?

అయ్యా, చట్టం కూడా వాళ్ల పక్కనే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో వస్తువులు అమ్మేవాళ్లతోపాటు వీధిలో సేవలు అందించేవాళ్లు కూడా వస్తారు. చెప్పులు కుట్టేవాళ్లు, గొడుగులు బాగుచేసేవాళ్లు, మిక్సీ పెద్దాయన అందరూ వీధి వ్యాపారులే. ఐదేళ్లకొకసారైనా సర్వే చేసి గుర్తింపు పత్రాలివ్వాలని, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని అందులో ఉంది. ఆ కమిటీకి అధ్యక్షులు మీరే. సర్వేకు వెళ్లే సిబ్బందికి, పండ్ల బండ్లు, టిఫిన్ బండ్లతోపాటు సుత్తి, స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చున్నవాళ్లను కూడా రాసుకోమని మీరు గట్టిగా చెప్పాలి. బండి ఉండదు కాబట్టి వాళ్లు ఎవరి కంటా పడరు.

చోటు ఎక్కడన్నది మీకే బాగా తెలుసు. నాకు తోచింది చెబుతాను. యాత్రికులు దిగే వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణునివాసం చుట్టుపక్కల ఒక వరస ఇస్తే యాత్రికులకూ పనికొస్తుంది. రోజూ 60, 70 వేల మంది దర్శనానికి వచ్చే ఊరు మనది. బస్సు దిగేసరికి బ్యాగు పట్టీ తెగినవాళ్లు, సూట్‌కేసు చక్రం ఊడినవాళ్లు, చెప్పు తెగినవాళ్లు ఎంతమందో. కుట్టేవాళ్లు దగ్గర్లో దొరక్క కొత్తది కొనుక్కుని పాతదాన్ని గోడ పక్కన వదిలేసి పోతారు. ఆ చెప్పులు, బ్యాగులు పొద్దున్నే ఎత్తేది మన పారిశుద్ధ్య కార్మికులే. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపి, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి వచ్చే గాజు సీసాలు పెట్టగలిగారు. అంత రద్దీలో అది కుదిరినప్పుడు కొండ కింద పది అడుగుల చోటు కుదరదా?

ఇంకొక్క మాట. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. చీపుర్లు పట్టి రోడ్లు ఊడవడం మంచిదే, నేనూ వెళ్లాను. ఆ రోజు ఒక మున్సిపల్ స్కూలు ఆవరణను పొద్దున 9 నుంచి మధ్యాహ్నం దాకా ఈ మరమ్మతు చేసేవాళ్లకు ఇవ్వండి. కరెంటు ప్లగ్గులు, నీడ, నాలుగు బల్లలు చాలు. కూలి మేమే ఇచ్చుకుంటాం, ఉచితంగా ఎవరూ చెయ్యనక్కర్లేదు. ఏ వార్డులో, ఎప్పుడు అన్నది చెత్తబండి మైకులో ముందే చెప్పిస్తే ఇంటింటికీ చేరుతుంది.

మొదటిది కొర్లగుంటలో పెడితే, పనిచెయ్యని ఫ్యాన్లు, హ్యాండిల్ ఊడిన కుక్కర్లు, జిప్పు పోయిన స్కూలు బ్యాగులు తెచ్చే ఇళ్ల జాబితా రాసిచ్చే బాధ్యత నాది. మిక్సీ పెద్దాయన ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడో కనుక్కుని పిలుచుకొచ్చే బాధ్యత కూడా.

ఇట్లు,
కొర్లగుంట గృహిణి,
తిరుపతి