వేడి ఆవిర్లూ, థైరాయిడ్ బిళ్లా

రాజీ,

నీ ఉత్తరం చదివి పొట్టచెక్కలయ్యేలా నవ్వాను. మాఘమాసపు చలిలో నువ్వు ఫ్యాను వేసుకుంటే ఇంటిల్లిపాదీ దుప్పట్లు ముసుగేసుకుని నిన్ను తిట్టుకుంటున్నారా! ముట్లుడిగే వయసులో వచ్చే ఆ వేడి ఆవిర్లతో రెండేళ్లు వేగినదాన్ని, నాకు తెలియదా?

డాక్టరమ్మ ఆ ఆవిర్లకు ఈస్ట్రోజెన్ హార్మోను రాసిందనీ, వేసుకోవాలా వద్దా అనీ అడిగావు. అది చెప్పడానికి నేనెవరిని? కానీ నువ్వూ థైరాయిడ్ బిళ్ల మింగేదానివే కాబట్టి నా కథ విను.

నాకు మొదట ఇచ్చినవి మాత్రలు. ఆవిర్లు తగ్గాయని సంబరపడ్డాను. మూడో నెలకు ఒకటే నీరసం, దువ్వెన నిండా జుట్టు. వయసు మీద పడిందనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే, థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ 9 దాటింది. థైరాయిడ్ బిళ్ల పదేళ్లుగా అదే మోతాదు, ఒక్క పూట మానింది లేదు! తీరా చూస్తే, మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి చేరుతుందట. అక్కడ థైరాయిడ్ హార్మోనును అంటిపెట్టుకుని తిరిగే ప్రొటీను ఎక్కువగా తయారవుతుంది. హార్మోను దానికి చిక్కుకుపోతే ఒంటికి అందేది తగ్గుతుంది. బాగున్న గ్రంథి అయితే ఇంకాస్త తయారుచేసి సర్దుకుంటుంది. మన గ్రంథికి ఆ ఓపిక ఎక్కడిది? థైరాయిడ్ బిళ్ల సంగతి ఈస్ట్రోజెన్ రాసిన డాక్టరు అడగలేదు, నేనూ చెప్పలేదు. పళ్లు తోముకోవడంలా అలవాటైపోయి, అదీ ఒక మందేనని మర్చిపోయాను.

థైరాయిడ్ మోతాదు పెంచారు. తర్వాత ఇంకో డాక్టరు నన్ను చర్మానికి రాసుకునే జెల్‌కు మార్చింది. అది ముందుగా కాలేయానికి పోదు కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా మాత్రలకన్నా తక్కువే. మీ అమ్మగారికి కాలిలో రక్తం గడ్డ కట్టిన సంగతి మీ డాక్టరమ్మకు చెప్పావా? చెప్పి ఉండవు, నీ సంగతి నాకు తెలుసు. రొమ్ము క్యాన్సరు, పక్షవాతం, కాలేయ జబ్బు వచ్చినవాళ్లకు మామూలుగా ఈ మందు ఇవ్వరు. నీకు గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోను కూడా రాసిందో లేదో చీటీ చూడు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమెక్కి క్యాన్సరుకు దారితీయవచ్చు.

మీ ఆడపడుచు నీ మాత్రలు తనకూ పనికొస్తాయేమో అంటోందన్నావు. వద్దని గట్టిగా చెప్పు. ఆవిడ మూర్ఛకు వాడే కార్బమజెపిన్ ఈస్ట్రోజెన్‌ను కాలేయంలో తొందరగా ఖర్చు చేయించేస్తుంది. క్షయకిచ్చే రిఫాంపిసిన్ కూడా అంతే. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీనికి తిరగబడి, మందు ఖర్చు కాకుండా అడ్డుపడి, ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ రసమూ ఆ కోవలోదే. దానికి ద్రాక్షతో ఏ చుట్టరికమూ లేదు, మన పంపరపనసకు పుట్టిన బిడ్డ! ఆ అడ్డుపెట్టే పదార్థాలు తల్లిలోనూ ఉన్నాయి. మీ పెరటి చెట్టు కాయలు రోజూ తింటావు కదా, ఆ మాట కూడా డాక్టరమ్మ చెవిన వెయ్యి.

మాత్రలే మొదలుపెడితే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య టీఎస్‌హెచ్ చేయించి, ఫలితం రాగానే ఫోను చెయ్యి. ఈ ఏడాది కాయలు కాస్త ఎక్కువే దాచిపెట్టు, జెల్ రాసుకునేదాన్ని నేనున్నానుగా.

నీ
సీత