బుధవారం రాత్రికి ఏం వండాలో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం రాగానే మా ఇంట్లో వంటల పేజీ ముందు తిప్పేది నేనే, కాబట్టి ఈ ఉత్తరం కొంచెం చనువుగానే రాస్తున్నాను. ఈ మధ్య అమ్మలకు ఆరోగ్య వంటలు అని మీరు వరసగా వేస్తున్నవి చూస్తుంటే, ఇవన్నీ ఎవరింట్లో వండుతారా అని నాకు నిజంగానే అనుమానం వస్తోంది. కీన్వా సలాడ్, అవకాడో టోస్టు, చియా గింజల పుడ్డింగు. ఫొటోలు మాత్రం బ్రహ్మాండం. మా ఖమ్మంలో అవకాడో దొరకదని కాదు, దొరుకుతుంది, కానీ ఆ ఒక్క కాయకు పెట్టే డబ్బులతో రైతుబజార్లో రెండు మూడు రోజులకు సరిపడా ఆకుకూరలు వస్తాయి, పైగా ఆ టోస్టు మా చిన్నోడు ఒక ముక్క కొరికి పక్కన పెడితే మళ్ళీ వాడికి అన్నం కలిపి పెట్టేది ఎవరు?

నాకూ, నాలాంటి చాలామందికీ కష్టం వండటం దగ్గర లేదు. ఏం వండాలో తేల్చుకోవడం దగ్గరుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆటోలో కూర్చుని చేసే ఆలోచన అంతా అదే: ఫ్రిజ్‌లో సగం సొరకాయ ఉంది, పెద్దదానికి అది పడదు, మామయ్యకు షుగర్ కాబట్టి ఆలుగడ్డ మళ్ళీ వద్దు, చిన్నోడికి జలుబు, రేపు పొద్దున బాక్సులోకి పనికొచ్చేలా ఉండాలి, గ్యాస్ అయిపోవచ్చింది, మినప్పప్పు నానబెట్టడం మరిచిపోయాను. ఆదివారం ఎవరైనా వండుతారు, ఓపికుంటుంది, ఇంట్లో పది చేతులుంటాయి. బుధవారం రాత్రి ఎనిమిదింటికి పనికొచ్చే ఆలోచన కావాలి మాకు. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది, అదీ ఆ పని చేసే మగవాళ్ళ లెక్క, అసలు చేయనివాళ్ళు అందులో లేరు. ఆటోలో కూర్చుని నేను చేసే ఈ ఆలోచనను ఏ సర్వేవాళ్ళు ఏ గడిలో రాసుకుంటారో మరి.

ఆరోగ్యం అంటే ఏంటో చెప్పడానికి మనకు దూరం నుంచి ఎవరూ రానక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. భారతీయులు ఏం తినాలో చెబుతూ 2024 మేలో 17 మార్గదర్శకాలు విడుదల చేశారు. అందులో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని ఉంది. వినడానికి బాగానే ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్ళం నలుగురం, మా లెక్కే రెండు కిలోలవుతుంది రోజుకు, పిల్లలది ఇంకా కలపలేదు. అంత కొనేవాళ్ళెవరు, మోసేదెవరు, కోసేదెవరు? మీ పేజీ చేయాల్సిన పని ఇక్కడుంది చూడండి. ఆ 400 గ్రాములు పప్పులో ఎంత దూర్చవచ్చు, పచ్చడిలో ఎంత, అట్టు పిండిలో ఎంత అని ఒక్కసారి మన వంటల్లోనే లెక్క వేసి చూపిస్తే, ఆ గైడ్‌లైన్స్ మా వంటింటిదాకా వచ్చినట్టు.

ఇంకో అంకె కూడా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పెద్ద తేడా ఏమీ లేదు, పిల్లల్లో 63.2, ఆడవాళ్ళలో 58.8. ఇంత పెద్ద సంగతి మన ముందుంటే వంటల పేజీలో ఐరన్ అనే మాట వచ్చేది ఎప్పుడో ఒకసారి, అదీ బీట్‌రూట్ జ్యూస్ ఫొటో పక్కన. అన్నం తినగానే టీ తాగితే తిన్నదాంట్లోని ఐరన్ సరిగ్గా ఒంటబట్టదనీ, అదే ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా ఒంటబడుతుందనీ చెప్పడానికి ఎంత చోటు కావాలి? రెండు లైన్లు. మా ఆఫీసులో మధ్యాహ్నం బాక్సు కడిగీ కడగకముందే టీ వచ్చేస్తుంది, ఇది తెలిశాక ఇద్దరు ముగ్గురం దాన్ని నాలుగింటికి జరిపించుకున్నాం. ఆ మధ్య రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉన్న గింజలు కిలోకు పది గ్రాముల చొప్పున కలిపి ఇస్తే, ప్లాస్టిక్ బియ్యం అని మా వీధిలో చేటల్లో పోసుకుని ఏరి పారేశారు. ఇలాంటివి వార్తల పేజీలో ఒకసారి వేసి ఊరుకుంటే చాలదండీ, బియ్యం కడిగేవాళ్ళు చదివే పేజీలో పడాలి.

మరి నాకు కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఎక్కువగా మధ్యాహ్నం బాక్సులు తెరిచే దగ్గర. మా పక్క సీటావిడది ఆదిలాబాద్ వైపు, ఆవిడ తెచ్చే జొన్నరొట్టెలో మెంతికూర ఉంటుంది, సన్నగా తరిగి పిండిలోనే కలిపేస్తుంది, అంటే కూర వేరే చేసుకోకపోయినా ఆకు లోపలికి వెళ్ళిపోతుంది. అది చూశాకే నేను సర్వపిండిలో సొరకాయ తురిమి వేయడం మొదలుపెట్టాను, సొరకాయ అంటే మొహం తిప్పే మా పెద్దది అడిగి మరీ తింటుంది, ఇప్పటిదాకా దానికి చెప్పలేదు, మీరు ఇది అచ్చు వేస్తే చదివేస్తుందేమో. మేడ మీద అద్దెకుండే రాయలసీమ అక్క రాగిసంగటి చేసిన రోజు మా గుమ్మం దాకా వాసన వస్తుంది, దాంట్లోకి ఆవిడ చేసే పల్లీల పచ్చడి ఇప్పుడు మా ఇంట్లో అట్లలోకి కూడా వచ్చేసింది. రైతుబజార్లో ఆకుకూరలమ్మే పెద్దమ్మను అడిగితే గంగవాయల కూరకు దానికదే పులుపుంటుందనీ, చింతపండు తగ్గించుకోమనీ, కాడలు పారేయొద్దనీ చెప్తుంది. అడగకపోయినా చెప్తుంది, అది వేరే సంగతి.

పప్పు విషయమే తీసుకోండి. అదే కందిపప్పు, అదే కుక్కర్, అదే తాలింపు. పాలకూర, తోటకూర, చుక్కకూర, బచ్చలి, పుంటికూర, మామిడికాయ, దోసకాయ, టమాటా అని మారుస్తూ పోతే రెండు వారాలు మళ్ళీ రాకుండా నడిపించొచ్చు. ఆకు అసలు ముట్టని పిల్లలకు కరివేపాకు పొడి, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి పెడితే మాట్లాడకుండా తింటారు. బీరకాయ పొట్టు, సొరకాయ తొక్కు పచ్చడి చేసుకుంటాం, అంటే చెత్తబుట్టలో పడాల్సింది కంచంలోకి వస్తుంది. ఇవేవీ కొత్తవి కావు, అందరికీ తెలిసినవే, కానీ సాయంత్రం ఏడింటికి బుర్ర పనిచేయనప్పుడు గుర్తు రావు. గుర్తు చేసేవాళ్ళు కావాలి, అంతే.

అలాగని అమ్మమ్మల కాలంలో అంతా ఆరోగ్యమే అనే పాట కూడా వద్దు. మీ పేజీలో అదొకటి తరచుగా కనిపిస్తుంది. మా అమ్మమ్మ వంట బాగుండేది, నిజమే, కానీ ఆవిడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పొయ్యి దగ్గరే ఉండేది, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది, చాలాసార్లు కూర మిగిలేది కాదు కాబట్టి పచ్చడి మెతుకులే. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని డాక్టర్లు చెబుతుంటే, పూటకో ఆవకాయ ముక్క, అప్పడం, వడియం అంటే అది ఎక్కడికి పోతుంది? పాతవాటిలో పనికొచ్చేది తీసుకుందాం, ఆడమనిషి ఆఖర్న తినే పద్ధతిని మాత్రం సంప్రదాయం అని ఫొటో కట్టొద్దు.

చిరుధాన్యాల సంగతీ ఇంతే. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది, మంచిదే. కానీ రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఊరికే వస్తున్న ఇంటికి, అన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు కొనుక్కుని తినమని రాస్తే ఆ ఇల్లాలు పేజీ తిప్పేస్తుంది. పొద్దున ఒక గ్లాసు రాగిజావ అని రాయండి, అది ఎవరైనా చేయగలరు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆంధ్రలో సర్కారు బడి పిల్లలకు 2023 నుంచి రాగిజావ ఇస్తున్నారు. బెల్లంతో కొందరు, మజ్జిగా ఉల్లిపాయతో కొందరు తాగుతారు. మా చిన్నోడిది బెల్లం పార్టీ.

ఇంకొక్క మాట, ఇది కొంచెం ఘాటుగానే ఉంటుంది. పిల్లలు బక్కగా ఉన్నా, చిప్స్ తిన్నా, కంచంలో కూర వదిలేసినా తప్పు అమ్మదే అన్నట్టుగా రాస్తారు, ఓపికగా ఉండండి, ప్రేమగా తినిపించండి, అందంగా అలంకరించండి అని సలహాలిస్తారు, అదే పేజీ కింద డబ్బాలో పాలల్లో కలుపుకునే పొడి ప్రకటన ఉంటుంది. ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకమే లేదని, అలాంటి పొడులను ఆ పేరు కింద చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు చెప్పింది. ప్రకటనలు లేకపోతే పత్రిక నడవదని నాకు తెలుసు, కానీ ఆ డబ్బా వెనక చక్కెర ఎంతుందో ఎలా చదవాలో పైన ఒక చిన్న పేరా వేయడానికి ఖర్చేమీ కాదు కదా. సూపర్ మామ్ అనే మాట కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఏదో ఒక రోజు పెరుగన్నం, మామిడికాయ పచ్చడితో పూట గడిపేసినా పిల్లలకు ఏమీ కాదని ఎవరైనా డాక్టరు గారితో రాయిస్తే, చాలామంది ఆ రాత్రి టెన్షన్ లేకుండా పడుకుంటారు.

అసలు వంటల పేజీ మహిళల అనుబంధంలోనే ఎందుకుండాలి? మా వారు వారంలో ఒకటి రెండు పూటలు వండుతారు, ఉప్మా, కోడిగుడ్డు పులుసు, అప్పుడప్పుడు చపాతీలు. బాగానే చేస్తారు. చపాతీల రోజు గట్టు చూస్తే సంక్రాంతి ముగ్గేసినట్టు ఉంటుంది పిండి, తుడిచే పని కూడా ఆయనదే అని ఒప్పందం. అత్తయ్య మొదట్లో మూతి ముడిచారు, ఇప్పుడు పులుసులో చింతపండు ఎంతో ఆవిడే చెబుతున్నారు. ఆయన చదివేది స్పోర్ట్స్ పేజీ, రాజకీయాలు. వంట అక్కడ పక్కన ఉంటే చదువుతారు, లేకపోతే మీ ఆదివారం అనుబంధం ఆయన చేతికి ఎన్నడూ పోదు.

కాబట్టి నా విన్నపం ఏంటంటే, బుధవారం నాడు మెయిన్ పేపర్లోనే ఒక చిన్న కాలమ్ పెట్టండి. ఒకే ఒక్క వంట. పది నిమిషాల్లో రెడీ అని అబద్ధం చెప్పకుండా, కడగడం కోయడంతో కలిపి ఎంతసేపు పడుతుందో రాయండి, ఎంత ఖర్చవుతుందో రాయండి, మిగిలితే పొద్దున ఏం చేసుకోవచ్చో రాయండి. పాఠకులనే పంపమనండి, ఉట్నూరు నుంచి ఒక వారం, పాలమూరు నుంచి ఒక వారం, శ్రీకాకుళం నుంచి ఒక వారం రానివ్వండి, బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి గోంగూర బదులు ఇంకేదో వేసుకుని సర్దుకుంటున్న మన పిల్లలు కూడా రాస్తారు. ఫొటో ఫోన్లో తీసింది చాలు, స్టీలు గిన్నెలో ఉన్నా పర్వాలేదు.

మొదటి వారానికి నాది తీసుకోండి. మునగాకు పెసరపప్పు. పిడికెడు పెసరపప్పు అరగంట నానబెట్టి పలుకుగా ఉడికించాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేసి, ఉల్లిపాయ మగ్గాక లేత మునగాకు నాలుగు గుప్పెళ్ళు వేసి, పచ్చివాసన పోయేదాకా వేపి, పప్పు, ఉప్పు కలిపి దించేయాలి. నిమ్మకాయ స్టవ్ ఆపాకే పిండాలి. మిగిలితే పొద్దున కోడిగుడ్డు కొట్టి అందులోనే పొరటవచ్చు. పొయ్యి మీద పావుగంట పని. అసలు టైమంతా రెబ్బల నుంచి ఆకు దూయడానికే పడుతుంది, ఆ పళ్ళెం టీవీ ముందు కూర్చున్నవాళ్ళ చేతికి ఇచ్చేయొచ్చు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
ఖమ్మం

(పేరు వేయకండి, మా పెద్దది చదువుతుంది.)