గంగ చెంబు నీ చేతికే ఇస్తాను

కవిటి

చి. స్వాతికి నాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాలూ రామేశ్వరం వెళ్తున్నారని అమ్మ చెప్పగానే కాగితం, కలం తీశాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. ఒక్క రోజులో చూసుకుని మదురై వచ్చేస్తామన్నావట. అది మాత్రం ఒప్పుకోలేను తల్లీ. ఖర్చు ఎక్కడైనా తగ్గించుకో, రోజులు మాత్రం తగ్గించకు. రెండు రాత్రులైనా అక్కడ ఉండాలి.

భువనేశ్వర్ నుంచి రామేశ్వరం వెళ్ళే వారపు రైలు మన జిల్లా మీదుగానే పోతుంది. ముందే స్లీపర్ టికెట్ తీసుకుంటే అంతకన్నా చవక లేదు. అది కుదరకపోతే చెన్నై చేరి రాత్రి రైలు ఎక్కండి. చేతిలో డబ్బు ఆడితే విశాఖ నుంచి విమానంలో చెన్నై మీదుగా మదురై చేరవచ్చు. అయితే ఎలా వెళ్ళినా, రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వేసిన పాంబన్ వంతెన మాత్రం ఒక్కసారైనా పగటిపూట రైల్లో దాటండి. నేను 2019లో వెళ్ళినప్పుడు 1914 నాటి పాత వంతెన మీద రైలు నడకలా సాగింది. కిటికీలోంచి చూస్తే కింద వంతెనే కనబడలేదు, అన్నీ నీళ్ళే. ఓడలు రాగానే నడిమి భాగం నిలువుగా పైకి లేచే కొత్త వంతెనను 2025 ఏప్రిల్‌లో తెరిచారు.

బసకు దేవస్థానం గదులు, సత్రాలు ఉన్నాయి. గుడికి దగ్గరలో ఉంటే చాలు. సముద్రస్నానం, ఆపైన గుడిలోని 22 తీర్థాల స్నానం అయ్యాక తడిబట్టలతో దర్శనానికి పోనివ్వరు. పొడిబట్టలు వెంట ఉంచుకోండి.

రెండో రోజు పొద్దున్నే ధనుష్కోడి వెళ్ళండి. కారు అక్కర్లేదు, బస్సు ఉంది. 1964 డిసెంబరులో ఒక్క రాత్రి తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టింది, ప్రయాణికులతో ఉన్న రైలునూ సముద్రంలో కలిపేసింది. పాడుబడిన చర్చి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పగడపు రాళ్ళతో కట్టిన గోడ. తేనెపట్టులా చిల్లులు, చిల్లుల నిండా ఇసుక. అప్పటికి మన ఊళ్ళో తిత్లీ తుపాను వచ్చి ఏడాది. ఆ తెల్లవారి నువ్వు నా చెయ్యి పట్టుకుని ‘నాన్నా, మన తోట ఏది?’ అని అడిగావు. మొవ్వులు విరిగి పడిన కొబ్బరిచెట్ల కింద గట్లు కూడా కనబడలేదు. మనం మళ్ళీ మొక్కలు నాటుకున్నాం. వాళ్ళకు ఆ నేల కూడా మిగలలేదు. అక్కడ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పటికీ కొన్ని జాలరి కుటుంబాలు అక్కడ పూరిళ్ళలో ఉంటున్నాయి. వాళ్ళ దగ్గర గవ్వలో, వేయించిన చేపలో కొనండి. అక్కడ మాత్రం బేరమాడవద్దు. చీకటి పడకముందే తిరిగి రండి.

ఇంకొక్క మాట. నేను వెళ్ళివచ్చిన తర్వాతే నానమ్మ కాశీ వెళ్ళింది. అక్కడి నుంచి తెచ్చిన గంగ, మూతికి టంకం వేసిన రాగిచెంబులో, దేవుడి గూట్లో అలాగే ఉంది. రామేశ్వరంలో ఆ నీళ్ళతో అభిషేకం చేయించాలని ఆమె కోరిక. మోకాళ్ళు సహకరించడం లేదు. నువ్వు వెళ్తున్నావని తెలిసిన దగ్గర్నుంచి రోజూ ఆ చెంబు తీసి చింతపండుతో తోముతోంది. బయలుదేరే ముందు ఒకసారి ఇంటికి రా, నీ చేతికే ఇస్తాను. గుడిలో గంగాభిషేకం టికెట్ ఎక్కడిస్తారో అడిగి, ఆమె పేరు, గోత్రం చెప్పించు.

ఖాళీ చెంబు అక్కడే వదిలేసి రాకు. తెచ్చి నానమ్మ చేతిలో పెట్టు.

మీ నాన్న